మట్టి పొరల్లో దిర్హములు

రష్యా తొలి పట్టణాలను కట్టింది ఎవరు? పన్నెండవ శతాబ్ది ఆరంభంలో కూర్చిన అక్కడి పాత చరిత్ర గ్రంథంలో జవాబు సులువుగానే ఉంది. స్లావులు, ఇరుగుపొరుగు తెగలవారు తమలో తాము కలహించుకొని, 862లో సముద్రం అవతలి నుంచి రూరిక్ అనే నాయకుణ్ణి పిలిపించుకున్నారట. 1749లో ముల్లర్ అనే జర్మన్ పండితుడు ఈ స్కాండినేవియా మూలాన్ని సమర్థిస్తూ ప్రసంగం రాస్తే లొమొనోసోవ్ మండిపడ్డాడు. మన రాజ్యాన్ని పరాయివాళ్లు నిలబెట్టారా అన్నది ఆయన కోపం. ఆ తగవు ఇంకా పూర్తిగా చల్లారలేదు.

తవ్వకాలు ఈ ప్రశ్ననే కొంత మార్చాయి. వోల్ఖోవ్ నది దగ్గర లదోగాలో బయటపడిన కలపలో చెట్టు వలయాలను లెక్కిస్తే, అన్నిటికన్నా పాతది 753 నాటిదని తేలింది. అంటే రూరిక్ కథకు నూరేళ్ల ముందే అక్కడ ఇళ్లున్నాయి. నోవ్‌గొరోద్ సంగతి తలకిందులు. అక్కడ ఒక వీధిలో 28 కర్రబాటలు ఒకదానిపై ఒకటి పేర్చినట్టు దొరికాయి. అడుగుబాట 953 నాటిది. గ్రంథం చెప్పిన కాలపు ఊరు మాత్రం అక్కడ లేదు. దక్షిణాన రెండు కిలోమీటర్ల దూరంలోని దిబ్బను తవ్విన నోసోవ్‌కు తొమ్మిదో శతాబ్దపు ఊరు కనబడింది. అందులో స్కాండినేవియా తాయెత్తులూ ఉన్నాయి, స్లావుల రొట్టెల పొయ్యిలూ ఉన్నాయి. ఎవరి ఊరు అంటే ఏం చెప్పగలం?

ఈ ఊళ్లలో మనకు తెలిసిన వస్తువు ఒకటుంది, వెండి దిర్హము. దానిపై కలిమా, ముద్రించిన ఊరు, హిజ్రీ సంవత్సరం ఉంటాయి. సమర్‌ఖంద్, తాష్కెంట్ టంకశాలల నాణేలు అంత దూరం నడిచాయి! పీటర్‌హోఫ్ దగ్గర దొరికిన నిధిలో కొన్ని నాణేలపై గ్రీకు అక్షరాలు, స్కాండినేవియా గీతలు గీకి ఉన్నాయి. చిల్లర కోసం నాణేన్ని ముక్కలుగా కోసి తూచేవారు. మేము తరగతిలో పిల్లలకు ఒక జాగ్రత్త చెబుతుంటాము: నాణెంపై ఉన్నది ముద్రించిన ఏడు, పాతిపెట్టిన ఏడు కాదు. అది యాభై ఏళ్లు చేతులు మారి ఉండవచ్చు.

దిర్హము దొరికిందని ఆ ఊరు మన చలవే అనుకోవడం కూడా పొరపాటే. ఆ వెండికి బదులు వెళ్లింది బొచ్చుతోళ్లు మాత్రమే కాదు. రూస్‌లు స్లావులపై దాడిచేసి, పట్టుకున్నవారిని ఖజార్లకు, బల్గార్లకు అమ్మేవారని అరబ్బీలో రాసిన ఇబ్న్ రుస్తా చెబుతాడు. కొన్ని నాణేలు మనుషుల వెల. ఆ మాట దాటవేయకూడదని మా అభిప్రాయం.

పట్టణాలు వర్తకం వల్ల పుట్టలేదు, చుట్టూ ఉన్న సేద్యం, చేతిపనుల వల్ల పెరిగాయని 1946లో తిఖొమీరోవ్ వాదించాడు. పుట్టుక విషయంలో ఆయన మాట లదోగాకు అంతగా పొసగదు. నిలబడే విషయంలో మాత్రం బలముంది. పదకొండో శతాబ్ది ఆరంభానికి దిర్హముల రాక దాదాపు ఆగింది. వేల సమాధి దిబ్బలున్న గ్నెజ్దోవో ఆ శతాబ్దంలోనే క్షీణించి, దగ్గరలోని స్మోలెన్స్క్ పైకి వచ్చింది. నోవ్‌గొరోద్‌లో మాత్రం పాత బాటపై కొత్త కర్రలు పరుస్తూనే పోయారు, 1462 దాకా.