నలుగు పిండి తీసేది మురికినే, రంగును కాదు

"అమ్మాయి మెడ ఎంత తోమినా నలుపు పోవడం లేదండీ. నిమ్మచెక్క మీద పంచదార అద్ది రోజూ రుద్దుతూనే ఉన్నాను." పన్నెండు, పదమూడేళ్ళ కూతురిని వెంటబెట్టుకుని ఓపీకి వచ్చే తల్లుల నోట తరచుగా వినే మాట ఇది. చూస్తే ఆ పిల్ల మెడ చుట్టూ చర్మం కమిలిపోయి, అక్కడక్కడ గీరుకుపోయి ఉంటుంది. నలుపు మాత్రం ఉన్నచోటనే ఉంటుంది. పిల్ల తలెత్తదు. బడిలో తోటివాళ్ళు "స్నానం చేయవా?" అని ఏడిపిస్తున్నారని అమ్మకు కూడా చెప్పి ఉండదు.

ఆ నలుపు మురికి కాదు. అది ఏమిటో ఈ వ్యాసం చివరలో చెప్పుకుందాం. ముందుగా మన ఇళ్ళలో అమ్మమ్మల కాలం నుంచి ఉన్న సున్నిపిండిని సరిగ్గా ఎలా తయారుచేసుకోవాలి, ఎలా వాడాలి, ఎవరికి వాడకూడదు అనే విషయాలు తెలుసుకుందాం.

నలుగు చేసే పని ఏమిటి?

మన చర్మం పైపొర ఎప్పటికప్పుడు కొత్తగా తయారవుతూ ఉంటుంది. లోపల పుట్టిన కణాలు దాదాపు నాలుగు వారాల్లో పైకి చేరి, చనిపోయి, పొట్టులా రాలిపోతాయి. చెమట, నూనె, దుమ్ము కలిసినప్పుడు ఈ పొట్టు చర్మానికి అంటుకుని ఉండిపోతుంది. అప్పుడు చర్మం గరుకుగా, కళ తప్పినట్టు కనబడుతుంది. సున్నిపిండి ఆ అదనపు నూనెను పీల్చుకుంటుంది, రాలవలసిన పొట్టును మెల్లగా కదిలిస్తుంది. అందుకే నలుగు పెట్టుకుని స్నానం చేశాక ఒళ్ళు తేలికగా, నున్నగా అనిపిస్తుంది.

అంతకు మించి అది చేసేదేమీ లేదు. చర్మానికి రంగునిచ్చే మెలనిన్ అనే పదార్థం పైపొర అడుగుభాగంలోని కణాల్లో తయారవుతుంది. ఎంత రుద్దినా ఆ కణాల పని మారదు. పైగా గట్టిగా రుద్దితే చర్మం దెబ్బతిని, ఆ దెబ్బ మానేటప్పుడు మరింత నల్లబడుతుంది. మన చామనఛాయ చర్మాలలో ఇది ఎక్కువగా జరుగుతుంది.

ఇంట్లో సున్నిపిండి తయారీ

కావలసినవి: పొట్టు పెసలు పావు కిలో, శనగపప్పు పావు కిలో, బియ్యం ఒక గుప్పెడు, మెంతులు రెండు చెంచాలు, ఎండిన పసుపు కొమ్ము ఒకటి. సువాసన కావాలనుకుంటే నీడలో ఆరబెట్టిన గులాబీ రేకులు ఒక గుప్పెడు వేసుకోవచ్చు.

అన్నింటినీ రాళ్ళు, పుల్లలు లేకుండా ఏరి, రెండు రోజులు ఎండలో బాగా ఎండనివ్వండి. పసుపు కొమ్మును ముందుగా రోట్లో దంచి కలపండి. తర్వాత మిక్సీలో గానీ, పిండి మరలో గానీ మెత్తగా పట్టించండి. మరలో ఇచ్చేటప్పుడు ఒక జాగ్రత్త. అంతకుముందు కారం పట్టిన మర అయితే పొరపాటున కూడా ఇవ్వకండి. మరలో మిగిలిన కాస్త కారం చాలు, ఒళ్ళంతా మంటెత్తిపోతుంది.

పట్టించిన పిండిని పలుచని గుడ్డలో జల్లించండి. ఈ పని తప్పనిసరి. పలుకులుగా ఉన్న పిండి కంటికి కనిపించని గీతలు పెడుతుంది. రెండు వేళ్ళ మధ్య నలిపి చూస్తే ముఖానికి రాసుకునే పౌడరులా జారిపోవాలి. గుడ్డలో మిగిలిన రవ్వను పాదాలకు వాడుకోవచ్చు.

పొడి గాజు సీసాలో పోసి గట్టిగా మూత పెడితే రెండు మూడు నెలలు నిలువ ఉంటుంది. తడి చెంచా పెట్టకండి. ముక్కవాసన వచ్చినా, పురుగు పట్టినా పారవేయండి. పసుపు పొడి విడిగా కొనేటట్లయితే మిరుమిట్లు గొలిపే రంగును చూసి మోసపోకండి. అలాంటి పసుపులో మెటానిల్ ఎల్లో అనే రంగు, సీసంతో కూడిన లెడ్ క్రోమేట్ కల్తీ చేయడం ఉంది. కొమ్ము కొని దంచుకోవడమే మేలు.

వాడే పద్ధతి

మొదటిసారి వాడేవారు కొద్దిగా పిండిని నీళ్ళలో కలిపి ముంజేతి లోపలివైపు రాసి, పది నిమిషాల తర్వాత కడిగేసి, రెండు రోజులు ఆగి చూడండి. దురద, దద్దురు, ఎరుపు వస్తే ఆ పిండి మీకు పడదని అర్థం. పసుపు కూడా కొందరికి పడదు.

పడుతుందని తేలాక, ఆ పూటకు సరిపడా పిండి మాత్రమే తీసుకుని కలుపుకోండి. జిడ్డు చర్మం వారు నీళ్ళతో, పొడి చర్మం వారు పాలతో గానీ మీగడతో గానీ కలుపుకోవచ్చు. తడిసిన చర్మం మీద పట్టించి, వేళ్ళ కొసలతో గుండ్రంగా ఒకటి రెండు నిమిషాలు రాయండి. పూర్తిగా ఎండిపోయి బిగుసుకునేదాకా ఉంచి గీకి తీయడం మంచిది కాదు. గోరువెచ్చని నీళ్ళతో కడిగేసి, మెత్తని తువ్వాలుతో అద్దుకుని, చర్మం ఇంకా చెమ్మగా ఉండగానే కొద్దిగా కొబ్బరినూనె రాసుకోండి. ముఖాన మొటిమలు వచ్చేవారు ముఖానికి నూనె రాయకండి.

వారానికి ఒకసారి చాలు. చలికాలంలో చర్మం పొడిబారేవారికి పదిహేను రోజులకు ఒకసారి సరిపోతుంది. కలిపిన పిండి మిగిలితే రేపటికని దాచకండి. తడి పిండిలో ఒక్క రాత్రిలోనే సూక్ష్మక్రిములు పెరుగుతాయి.

పెళ్ళికి ముందు నలుగు పెట్టే ఆచారం మనలో చాలా కుటుంబాల్లో ఉంది. పెళ్ళికూతురికైనా, పెళ్ళికొడుకుకైనా ఎన్నడూ వాడని పిండిని, క్రీమును పెళ్ళి రెండు రోజుల్లో ఉందనగా మొదటిసారి పట్టించకండి. దద్దుర్లు వస్తే తగ్గడానికి సమయం ఉండదు.

మోచేతులకు, మడమలకు

మోచేతులు, మోకాళ్ళు, మడమల దగ్గర చర్మం మందంగా ఉంటుంది. డికాషన్ తీసిన తర్వాత ఫిల్టరులో మిగిలిన కాఫీ పిప్పిని పారేయకుండా, రెండు చెంచాల పిప్పిలో ఒక చెంచా కొబ్బరినూనె కలిపి రాయవచ్చు. మెత్తని పంచదారతో కూడా ఇలాగే చేసుకోవచ్చు. ఇవి ముఖానికి పనికిరావు. నూనె వల్ల స్నానాలగది నేల జారుతుంది కనుక పెద్దవాళ్ళు ఉన్న ఇంట్లో వెంటనే సబ్బునీళ్ళతో కడగండి.

మడమలు పగిలి రక్తం వస్తుంటే ఏ పిండీ రుద్దకండి. గోరువెచ్చని నీళ్ళలో పది నిమిషాలు ఉంచి, తుడిచి, వ్యాజిలీన్ రాసి, పడుకునేటప్పుడు నూలు మేజోళ్ళు వేసుకోండి. షుగరు ఉన్నవారు మాత్రం పాదాలను నీళ్ళలో నానబెట్టకూడదు, రాయితో తోమకూడదు. స్పర్శ తగ్గిన పాదానికి వేడి తెలియదు, గీరుకున్నా తెలియదు. చిన్న గీత పుండై, చివరకు వేలు తీసేయవలసిన పరిస్థితి వస్తుంది.

ఇవి కలపకండి

నిమ్మరసం: ఇది చర్మం సహజ ఆమ్ల గుణం కంటే ఎన్నో రెట్లు ఘాటైనది. నిమ్మరసం రాసుకుని ఎండలోకి వెళితే బొబ్బలెక్కి, నెలల తరబడి పోని నల్లమచ్చలు పడవచ్చు.

వంటసోడా, టూత్ పేస్టు: ఇవి చర్మపు రక్షణ పొరను దెబ్బతీస్తాయి.

బావంచాలు: పచారీ కొట్లలో సున్నిపిండి సామాను అడిగితే కచ్చూరాలతో పాటు ఇవి కూడా కట్టి ఇస్తారు. బావంచాల్లో సోరలెన్ అనే పదార్థం ఉంది. ఇది చర్మం మీద ఎండ ప్రభావాన్ని విపరీతంగా పెంచుతుంది. అందుకే బొల్లి చికిత్సలో దీనిని వైద్యుల పర్యవేక్షణలో, కొలత ప్రకారం వాడుతూ వచ్చారు. రోజూ ఎండలో తిరిగే మనం దానిని నలుగులో కలుపుకుంటే ఒళ్ళు కాలినట్టు అవుతుంది.

పసిపిల్లల సంగతి

పుట్టిన బిడ్డకు సున్నిపిండి ముద్దతో ఒళ్ళంతా రుద్దితే నూగు పోతుందని, రంగు వస్తుందని మన పెద్దలు నమ్ముతారు. నూగు వెంట్రుకలు కొన్ని వారాల్లో వాటంతట అవే రాలిపోతాయి. పసిబిడ్డ చర్మం పెద్దవాళ్ళ చర్మం కంటే పలుచన. రుద్దితే పగిలి, ఆ పగుళ్ళలోంచి క్రిములు లోపలికి పోతాయి. పుట్టగానే ఒంటి మీద ఉండే తెల్లని జిగురు పూత కూడా మురికి కాదు, అది బిడ్డకు రక్షణ. పుట్టిన తర్వాత 24 గంటల దాకా స్నానం చేయించవద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. తర్వాత గోరువెచ్చని నీళ్ళు, కొద్దిపాటి కొబ్బరినూనె, మెత్తని చేయి ఉంటే చాలు. అత్తగారు, అమ్మగారు నొచ్చుకుంటారేమోనని మొహమాటపడకండి. డాక్టరుగారు వద్దన్నారని చెప్పండి.

రుద్దితే పోనివి

మనం అసలు చెప్పదలచుకున్నది ఇదే. నలుగుకు పోని మచ్చ కనబడితే ఇంకా గట్టిగా రుద్దకండి. దానిని వైద్యునికి చూపించండి.

మెడ చుట్టూ, చంకల్లో ముఖమల్ గుడ్డలా మందంగా నల్లబడటాన్ని అకాంథోసిస్ నైగ్రికాన్స్ అంటారు. ఎక్కువమందిలో శరీరంలోని ఇన్సులిన్ సరిగ్గా పనిచేయకపోవడం వల్ల ఇది వస్తుంది. బరువు ఎక్కువగా ఉన్న పిల్లల్లో, నెలసరి సరిగ్గా రాని ఆడపిల్లల్లో తరచుగా కనిపిస్తుంది. అలాంటివారికి ముందు ముందు షుగరు వ్యాధి వచ్చే అవకాశం ఎక్కువ. పరగడుపున రక్తపరీక్ష చేయించి, తిండి, ఆటలు, బరువు విషయంలో శ్రద్ధ తీసుకుంటే లోపలి సమస్య అదుపులోకి వస్తుంది, మెడ నలుపు కూడా నెమ్మదిగా తగ్గుతుంది.

చుట్టూ ఉన్న చర్మం కంటే తెల్లగా గానీ, ఎర్రగా గానీ ఉండి, స్పర్శ తెలియని మచ్చ కుష్ఠువ్యాధి కావచ్చు. భయపడవలసినది, దాచవలసినది ఏమీ లేదు. 6 నెలలు లేదా 12 నెలలు మందులు వాడితే పూర్తిగా నయమవుతుంది. ప్రభుత్వ ఆరోగ్య కేంద్రాలలో ఈ మందులు ఉచితం. ఆలస్యం చేస్తే మాత్రం నరాలు దెబ్బతిని చేతులకు, కాళ్ళకు వైకల్యం వస్తుంది.

గుండ్రంగా, అంచు లేచి, దురద పెట్టేది తామర. రుద్దితే పక్కలకు పాకుతుంది. మొటిమలు రుద్దితే వాపు పెరిగి గుంటలు పడతాయి. గర్భిణీ స్త్రీలకు బుగ్గల మీద వచ్చే మంగు మచ్చలు రుద్దుడుకు, ఎండకు ఇంకా ముదురుతాయి. వీటన్నింటికీ చికిత్స ఉంది, అది నలుగు మాత్రం కాదు.

తెల్లబడే క్రీముల మోజు

నలుగుతో రంగు రాలేదని చాలామంది తర్వాత క్రీముల వైపు చూస్తారు. పక్కింటివాళ్ళు చెప్పారనో, మందుల షాపులో ఇచ్చారనో రాసుకునే కొన్ని క్రీముల్లో స్టెరాయిడ్ ఉంటుంది. మొదటి వారం ముఖం మెరిసిపోతుంది. నెలలు గడిచేకొద్దీ చర్మం పలుచబడి, ఎర్రబడి, వెంట్రుకలు, మొటిమలు వస్తాయి. మానేస్తే మంట. వైద్యుని చీటీ లేకుండా అమ్మరాదని చర్మానికి రాసే అనేక స్టెరాయిడ్ మందులను 2018లో కేంద్ర ప్రభుత్వం షెడ్యూల్ హెచ్‌లో చేర్చింది. పేరూ ఊరూ లేని మరికొన్ని క్రీముల్లో పాదరసం ఉంటుంది. 2023లో కేరళలోని మలప్పురం జిల్లాలో అలాంటి క్రీములు వాడినవారికి మూత్రపిండాల వ్యాధి వచ్చినట్టు వైద్యులు గుర్తించారు.

ఇక మొదట చెప్పుకున్న ఆ తల్లీకూతుళ్ళ సంగతి. ఆ తల్లి రుద్దింది ప్రేమతోనే, తన బిడ్డను ఎవరూ మాట అనకూడదని. అటువంటి తల్లికి మేము చెప్పేది ఒక్కటే. అమ్మా, మీ పిల్ల శుభ్రంగానే ఉంది. నిమ్మచెక్క పక్కన పెట్టి, రేపు ఉదయం ఏమీ తినిపించకుండా రక్తపరీక్షకు తీసుకురండి. ఆ మాట విన్నాక చాలామంది పిల్లలు మొదటిసారి తలెత్తి చూస్తారు.

మీ ఇంట్లో కూడా ఎంత రుద్దినా పోని నలుపు ఎవరి మెడ మీదనైనా ఉంటే, ఈ వారమే తీసుకురండి. సున్నిపిండి సీసా ఆదివారం స్నానానికి అలాగే ఉంచుకోండి.