అమ్మా... నన్నెవరూ తరమట్లేదు!

మారథాన్ అంటే 42.195 కిలోమీటర్లు. అంతకుమించి ఎంత పరుగెత్తినా అది అల్ట్రా మారథానే. ఆ దూరం కోసం బెజవాడ ఉక్కలో, తెల్లవారుజామున సాధన చేస్తే ఎలా ఉంటుంది?

తెల్లవారుజామున మూడూ నలభై. అలారం మోగకముందే దాని నోరు నొక్కేయాలి. లేకపోతే అమ్మ లేస్తుంది. లేచిందంటే ప్రశ్న సిద్ధం.

‘‘ఈ చీకట్లో నిన్నెవరే తరుముతున్నారు?’’

ఏడాదిన్నరగా అదే ప్రశ్న. ముప్ఫై ఆరేళ్లకి రక్తపరీక్ష చేయిస్తే చక్కెర గీత దగ్గర నిలబడి ఉంది. నాన్నకీ ఇంచుమించు అదే వయసులో మొదలైంది. ఆ భయంతో నడక మొదలుపెట్టాను. నడక కాస్తా పరుగైంది. పది కిలోమీటర్లయింది, ఇరవై ఒకటయింది... ఇప్పుడు 50 కిలోమీటర్ల పోటీకి పేరిచ్చి కూర్చున్నాను. భయం ఎక్కడ దిగిపోయిందో, ఈ పిచ్చి ఎక్కడ ఎక్కిందో గుర్తులేదు.

నాలుగుంపావుకల్లా ప్రకాశం బ్యారేజీ. ఓ పక్క ఇంద్రకీలాద్రి మీద దుర్గమ్మ గుడి దీపాలు, కింద నీళ్లలో వాటి నీడలు. 1855లో పూర్తయిన పాత ఆనకట్ట 1952లో తెగిపోతే, దాని చోట 1957లో వచ్చిందీ బ్యారేజీ. డెల్టాకి అన్నం పెట్టే కాలువలన్నీ ఇక్కడే పుడతాయి. పరుగు పెట్టేవాళ్లకి మాత్రం ఇదో లెక్క. పొడవు 1.2 కిలోమీటర్లు. వెళ్లిరావడం రెండున్నర కూడా కాదు. ఎనిమిదిసార్లు తిరిగినా ఇరవై నిండవు! నాలుగోసారికే వాకింగ్ పెద్దాయన ఒకాయన ఆపి అడిగారు, ‘‘ఏమన్నా పోగొట్టుకున్నావా అమ్మా?’’ అని.

ఆదివారాలు అసలు పరీక్ష. ముగ్గురం కలుస్తాం... నేను, ఓ బ్యాంకు ఉద్యోగిని, ఓ లెక్కల టీచరు. ఊరు దాటాక చీకట్లో ఒంటరిగా వెళ్లే ధైర్యం ముగ్గురిలో ఎవరికీ లేదు. మా కొలబద్ద బందరు రోడ్డు. కంకిపాడు పదహారు, ఉయ్యూరు ముప్ఫై... అటూ ఇటుగా. బెజవాడ నుంచి పామర్రు దాకా పరుగెత్తితే ఓ మారథాన్ అనుకోవచ్చు. మచిలీపట్నం చేరితే డెబ్బై. దక్షిణాఫ్రికాలో 1921 నుంచి జరుగుతున్న కామ్రేడ్స్ పరుగు దాదాపు 90 కిలోమీటర్లు. అంటే బందరు చేరాక ఇంకో ఇరవై! పన్నెండు గంటల్లో ముగించాలి. గ్రీసులో స్పార్టథ్లాన్ 246 కిలోమీటర్లు. బెజవాడలో బయల్దేరి హైదరాబాదు పొలిమేరల దాకా అన్నమాట.

ఆ కామ్రేడ్స్‌లో 1923లో ఫ్రాన్సిస్ హేవర్డ్ అనే టైపిస్టు పేరిస్తే ఆడవాళ్లకి ప్రవేశం లేదన్నారు. ఆమె లెక్కలో లేకుండానే పరుగెత్తి, పన్నెండు గంటల లోపే పూర్తి చేసింది. అధికారికంగా మహిళలకి తలుపు తీసింది 1975లో. మా టీచరుకి ఈ సంగతి చెబితే, ‘‘మా అత్తగారికంటే వాళ్లకే ఎక్కువ టైం పట్టిందే’’ అంది.

నీళ్లే శత్రువు!

బెజవాడని ఊరికే ‘బ్లేజ్‌వాడ’ అనలేదు. మే ఎండ సంగతి అందరికీ తెలిసిందే. పరుగెత్తేవాళ్లకి అంతకంటే మోసకారి నెల ఆగస్టు. మబ్బు పట్టి ఉంటుంది, చల్లగానే ఉన్నట్టుంటుంది. కానీ గాలిలో తేమ నిండి ఉంటే చెమట ఆరదు. ఆరితేనే కదా ఒళ్లు చల్లబడేది! చెమట కారిపోతుంది, వేడి మాత్రం లోపలే ఉండిపోతుంది.

అలాంటి ఓ ఆదివారం యనమలకుదురు దగ్గర కరకట్ట ఎక్కాం. లక్ష్యం 28 కిలోమీటర్లు. ‘నీళ్లు బాగా తాగాలి’ అన్నది ఒక్కటే నాకు తెలిసిన సూత్రం. కనిపించిన ప్రతి కొట్టు దగ్గరా సీసా కొన్నాను, దాహం లేకపోయినా తాగాను. చోడవరం దాటాక తలనొప్పి, కడుపులో తిప్పడం. ఒంట్లో నీరు తగ్గిందనుకుని ఇంకో సీసా ఖాళీ చేశాను. ఇంటికొచ్చాక అమ్మ చూసింది... వేలి ఉంగరం బిగుసుకుపోయి ఊడటం లేదు. నేను మాట తడబడుతున్నానట. ఆ మాట నాకు గుర్తులేదు, అమ్మ చెప్పిందే. పొద్దున బయల్దేరినప్పటికంటే కిలో బరువు పెరిగాను!

ఆసుపత్రిలో పరీక్ష చేస్తే రక్తంలో సోడియం పడిపోయింది. ఒంట్లోంచి పోయిన దానికంటే ఎక్కువ నీళ్లు తాగితే రక్తం పలచబడి ఉప్పు శాతం తగ్గుతుంది. ముదిరితే మెదడు వాచి, మూర్ఛలు వచ్చి ప్రాణం మీదికి వస్తుంది. 1981 కామ్రేడ్స్‌లో ఓ మహిళ ఇలాగే ఆసుపత్రి పాలైంది. దక్షిణాఫ్రికా డాక్టర్ టిమ్ నోక్స్ ఇలాంటి కేసులను 1985లో వైద్య ప్రపంచం ముందు పెట్టారు. దురదృష్టం ఏమిటంటే, లక్షణాలు చూసి వడదెబ్బ అనుకుని చుట్టూ ఉన్నవాళ్లు ఇంకాస్త నీళ్లు పట్టిస్తారు.

నెల రోజులు పరుగు బంద్. ‘‘ఇక చాలు’’ అంది అమ్మ. ఆ నెల్లో నేనూ అదే అనుకున్నాను. కానీ మానేస్తే చక్కెర గీత దాటుతుందన్న భయం మళ్లీ మంచం పక్కకొచ్చి కూర్చుంది. డాక్టరు సరేనన్నాకే షూ లేసులు కట్టాను.

ఇప్పుడు పద్ధతి మారింది. దాహం వేస్తేనే తాగుతాం. బయల్దేరేముందు, వచ్చాక తూకం చూసుకుంటాం. కిలో తగ్గితే దాదాపు లీటరు చెమట పోయిందని లెక్క. కొంచెం తగ్గడమే మంచిది, పెరిగితే మాత్రం ప్రమాద ఘంటికే. సీసాలో అమ్మ చేసిచ్చే పల్చటి ఉప్పు మజ్జిగ. ఉప్పు వేశాం కదా అని లీటర్లకొద్దీ పట్టిస్తే మళ్లీ అదే కథ. ముప్ఫై కిలోమీటర్ల దగ్గరికొచ్చేసరికి కండరాల్లో దాచుకున్న పిండిపదార్థం అడుగంటుతుంది, కాళ్లు సీసం పోసినట్టవుతాయి. అందుకే దారి పొడవునా అరటిపండు, బెల్లం ముక్క, పల్లీ ఉండ. వేగమా? పక్కవాళ్లతో ఆయాసం లేకుండా కబుర్లు చెప్పగలిగినంతే. కబుర్లకి మాకేం కొదవ లేదు. చక్కెర, గుండె జబ్బు ఉన్నవాళ్లు డాక్టర్ని అడక్కుండా ఈ జోలికి రావద్దు. పరుగు తర్వాత మూత్రం కాఫీ రంగులో వచ్చినా, ఛాతీలో నొప్పి వచ్చినా నేరుగా ఆసుపత్రికే.

అన్నట్టు, అమ్మ ప్రశ్నకి నిజమైన జవాబు ఒకటుంది... కుక్కలు! అవి వెంటపడితే పరుగు ఆపి, తాపీగా నడవాలి. చెప్పినంత తేలిక కాదనుకోండి.

డిసెంబరులో ఈ రోడ్డు చూడాలి. మంచులో ముందున్న మనిషి కనబడదు. వరి కోసిన చేలల్లో మినుము మొలకలు. ఇక్కడి రైతులు కోతకి ముందే చేలో మినుములు చల్లేస్తారు, నేలలో మిగిలిన తడితోనే పంట పండిపోతుంది. రోడ్డు మీద ఆరబోసిన వడ్లు ఉన్నచోట చెప్పులు... అదే, షూ తగలకుండా పక్కనుంచి పోతాం.

కిందటి ఆదివారం తొలిసారి ఉయ్యూరు దాకా వెళ్లాం. తూకంలో తొమ్మిది వందల గ్రాములు తగ్గాను, ఉంగరం వదులుగానే ఉంది. తిరుగు ప్రయాణానికి ఎదురుగా వచ్చి ఆగిన బస్సు పేరు చూసి ముగ్గురం నవ్వాపుకోలేకపోయాం. ‘అల్ట్రా పల్లెవెలుగు’! ఆడవాళ్లకి ఉచిత ప్రయాణం 2025 ఆగస్టు 15న మొదలయ్యాక నడుముకు కట్టుకున్న సంచిలో, బెల్లం ముక్క పక్కనే, ప్లాస్టిక్ కవర్లో ఆధార్ కార్డు కూడా పెట్టుకుంటున్నాం.

కండక్టరు కార్డు చూసి, తడిసి ముద్దయిన నన్ను చూశాడు.

‘‘ఎక్కడినుంచమ్మా వస్తున్నారు?’’

‘‘బెజవాడ నుంచి.’’

‘‘మరి ఎక్కడికి?’’

‘‘బెజవాడకే.’’

ఆయన ఇంకేం అడగలేదు. సున్నా టికెట్టు కొట్టి చేతిలో పెట్టి, ముందు సీట్లో ఉన్నావిడతో మెల్లగా అన్నాడు.

‘‘కాస్త జరగండమ్మా. ఆవిడని కూర్చోనివ్వండి, పాపం.’’