ఆ అంకె ఎక్కడిది?

బోరు మోటారు కొంటే చేతిలో ఓ వారంటీ కార్డు పెడతారు. రెండేళ్లు అని ఉంటుంది దాని మీద. రెండేళ్లే ఎందుకు? ఏడాదిన్నర ఎందుకు కాదు, మూడేళ్లెందుకు కాదు? ఎవరో ఒకరు కంప్యూటర్ ముందు కూర్చుని లెక్క కడితేనే ఆ అంకె కార్డు మీదికెక్కుతుంది. లెక్క ఒకచోట పుడుతుంది. అక్కణ్నుంచి ఎక్సెల్ షీట్లోకి, షీట్లోంచి రిపోర్టులోకి, రిపోర్టుతో పాటు పెద్దసారు బల్ల మీదికి ప్రయాణిస్తుంది. తంటా అంతా ఈ ప్రయాణంలోనే!

మోటారు కంపెనీ ఒకటి ఉందనుకుందాం. 'రెండేళ్ల వారంటీలోపు 6.2 శాతం మోటార్లు చెడిపోయే అవకాశం ఉంది' అని రిపోర్టు చెబుతోంది. పదివేల మోటార్లు అమ్మితే 620. ఆ లెక్క ప్రకారమే విడిభాగాలు తెప్పిస్తారు. ఆ లెక్క ప్రకారమే డబ్బు పక్కన పెడతారు. మీటింగులో జనరల్ మేనేజరు కళ్లజోడు సవరించుకుని, 'ఈ 6.2 ఎక్కడిదయ్యా?' అంటాడు. ఒకరి మొహాలు ఒకరు చూసుకుంటారు. 'అంతకుముందున్న ఇంజినీరు కట్టిన లెక్క సార్... ఆయన మానేసి వెళ్లిపోయాడు' అంటారెవరో.

ఇది కట్టుకథే. కానీ ఏ ఆఫీసులో పనిచేసేవారికైనా ఎక్కడో విన్నట్టే ఉంటుంది.

బోర్డు తుడవకుండా...

అసలు స్ప్రెడ్‌షీట్ పుట్టిందే ఇలాంటి తంటా తప్పించడానికి. 1978లో హార్వర్డ్ బిజినెస్ స్కూల్లో డాన్ బ్రిక్లిన్ అనే విద్యార్థి ఉండేవాడు. లెక్చరర్ నల్లబల్ల మీద గడులు గీసి లెక్కలు వేసేవాడు. మధ్యలో ఒక్క అంకె మారిందా, దాని మీద ఆధారపడ్డ అంకెలన్నీ తుడిచి మళ్లీ రాయాల్సిందే. ఒక గడి మారితే మిగతావి వాటంతటవే మారిపోయే పలక ఉంటే ఎంత బావుంటుంది అనుకున్నాడు బ్రిక్లిన్. స్నేహితుడు బాబ్ ఫ్రాంక్‌స్టన్‌తో కలిసి చేసిన ఆ 'విసికాల్క్' 1979లో మార్కెట్లోకి వచ్చింది. లోటస్, ఎక్సెల్ అన్నీ ఆ తర్వాతి సంతానమే.

విచిత్రమేమిటంటే, ఇన్నేళ్ల తర్వాత కూడా జనం దాన్ని నల్లబల్లలాగే వాడుతున్నారు. ఒక సాఫ్ట్‌వేర్‌లో వచ్చిన జవాబు చూసి, దాన్ని ఇంకో షీట్లో చేత్తో కొడతారు. ఆ క్షణం నుంచి ఆ అంకెకు అమ్మానాన్నలు లేరు.

పత్తిపోగు నుంచి మోటారు దాకా

మన్నిక లెక్కల్లో ఈ సంగతి మరీ ముఖ్యం. ఎందుకో తెలియాలంటే వాలోడీ వేబుల్ దగ్గరికి వెళ్లాలి. స్వీడన్ ఇంజినీరు, 1887లో పుట్టాడు. వస్తువు ఎప్పుడు విరుగుతుంది, ఎప్పుడు అరుగుతుంది అన్నదాన్ని ఒకే సూత్రంతో చెప్పొచ్చంటూ 1951లో ఓ వ్యాసం ప్రచురించాడు. అందులో ఏడు ఉదాహరణలు ఇచ్చాడు. ఉక్కు బలం, బూడిద రేణువుల పరిమాణం, బీన్స్ గింజల వెడల్పు... వాటి మధ్యలో భారతీయ పత్తిపోగు గట్టిదనం కూడా ఉంది! ఇప్పుడు విమానం ఇంజిన్ల దగ్గర్నుంచి బేరింగుల దాకా ఇంజినీర్లు వాడే సూత్రం అదే. ఆయన కన్నుమూసిన సంవత్సరం 1979. విసికాల్క్ వచ్చిన ఏడాదే.

ఆ సూత్రంలో రెండే ముఖ్యమైన అంకెలు. మొదటిది బీటా. అది ఒకటి కంటే తక్కువుంటే వస్తువుకు పురిటిగండాలు ఎక్కువని అర్థం. కొత్తలోనే పోతాయి, గట్టెక్కినవి చాలాకాలం ఉంటాయి. సరిగ్గా ఒకటైతే పాతదా కొత్తదా అన్న తేడా లేదు, ఎప్పుడైనా పోవచ్చు. ఒకటి దాటితే ముసలితనం, వయసు పెరిగేకొద్దీ ప్రమాదమూ పెరుగుతుంది. రెండోది ఈటా. నూటికి 63.2 వస్తువులు ఎంతకాలానికి పోతాయో అది చెబుతుంది.

మన మోటారుకు బీటా 3, ఈటా 5 ఏళ్లు అనుకుంటే, రెండేళ్లలోపు పోయేవి 6.2 శాతం. ఆ అంకె పుట్టిల్లు ఇదీ. ఇదే లెక్కతో ఇంకో సంగతి కూడా తెలుస్తుంది. కొత్త మోటారు మొదటి ఏడాదిలో పోయే అవకాశం ఒక శాతం కూడా లేదు. రెండేళ్లు బతికిన మోటారు మూడో ఏట పోయే అవకాశం మాత్రం 14 శాతం. 'ఇంకొంత కడితే మరో ఏడాది వారంటీ' అనే స్కీము పెట్టేముందు కంపెనీ చూసుకోవాల్సింది ఈ 14నే.

ఒకప్పుడు ఇదంతా ప్రత్యేకమైన గ్రాఫు కాగితం మీద చుక్కలు పెట్టి, స్కేలుతో గీత గీసి తేల్చేవారు. ఇప్పుడు సాఫ్ట్‌వేర్లున్నాయి. అమెరికాలో రిలయాసాఫ్ట్ కంపెనీ తయారుచేసిన 'వేబుల్ ప్లస్ ప్లస్' వాటిలో బాగా పేరున్నది.

అంకె బదులు ఆజ్ఞ

ఇలాంటి సాఫ్ట్‌వేర్‌లో లెక్క కట్టే షీటుతో పాటు మామూలు స్ప్రెడ్‌షీట్, రిపోర్టు రాసుకునే పేజీ కూడా ఉంటాయి. వాటిలోకి జవాబును మోసుకెళ్లడానికే 'ఫంక్షన్ విజార్డ్' అనే చిన్న కిటికీ పెట్టారు. అందులో ముందు ఏం కావాలో ఎంచుకోవాలి. మన్నికా, చెడిపోయే అవకాశమా, సగటు ఆయుష్షా, నూటికి పది పోవడానికి పట్టే కాలమా అన్నది. తర్వాత ఏ డేటాలోంచి అన్నది చూపించాలి. ఎంతకాలానికి అన్నది చెప్పాలి. నొక్కితే గడిలో ఫంక్షన్ కూర్చుంటుంది. చూడ్డానికి అక్కడా 6.2 అనే కనిపిస్తుంది. కానీ లోపలున్నది అంకె కాదు. 'ఫలానా మోటారు డేటాకు వెళ్లు, రెండేళ్లకు ఎన్ని పోతాయో కనుక్కుని రా' అనే ఆజ్ఞ. రిపోర్టు వాక్యం మధ్యలో పెట్టినా అంతే.

ఆర్నెల్ల తర్వాత సర్వీసు సెంటర్ల నుంచి కొత్త ఫిర్యాదులు వచ్చాయనుకుందాం. వాటిని కలిపి లెక్క మళ్లీ కడితే ఈటా 5 నుంచి 4 ఏళ్లకు పడిపోయింది. ఫంక్షన్ ఉన్న రిపోర్టులో 6.2 పోయి 11.8 వస్తుంది. నూటికి పది మోటార్లు పోవడానికి పట్టే కాలం 2.36 ఏళ్ల నుంచి 1.89 ఏళ్లకు జారుతుంది, అంటే వారంటీ ముగియకముందే. చేత్తో కొట్టిన రిపోర్టులో మాత్రం 6.2 రాయిలా అలాగే ఉంటుంది. 620 మోటార్లకు సరిపడా సరుకు పెట్టుకుంటే వచ్చేవి 1,175. నష్టం కంపెనీ పద్దుల్లోనే ఆగిపోదు. ఎండాకాలంలో 'స్టాకు లేదు, రెండు వారాలాగు' అనిపించుకుని వెనక్కి తిరిగే రైతు దాకా వెళ్తుంది. చేనుకు రెండు వారాలంటే తక్కువ కాదు.

అదే పేరు... వేరే అర్థం

'ఇంత ఎందుకు, ఎక్సెల్‌లోనే వేబుల్ ఫంక్షన్ ఉందిగా!' అనేవాళ్లున్నారు. ఉంది. 2010 ఎక్సెల్ నుంచి దాని పేరు 'వేబుల్.డిస్ట్'. అక్కడే ఓ గుంట కూడా ఉంది. మన్నిక పుస్తకాలు చాలావరకు బీటా అని దేన్ని పిలుస్తాయో, దాన్ని ఎక్సెల్ ఆల్ఫా అంటుంది. పుస్తకాల్లోని ఈటాను బీటా అంటుంది. పుస్తకం చదివిన ఇంజినీరు తన బీటా 3ను ఎక్సెల్ బీటా గడిలోనే పెడతాడు. పేరు అదే కదా! మిగిలిన 5 ఆల్ఫాలోకి పోతుంది. జవాబు 12.3 శాతం వస్తుంది. అసలైన జవాబుకు సుమారు రెట్టింపు.

జవాబు 500 శాతమనో, మైనస్ అనో వస్తే ఎవరైనా ఉలిక్కిపడతారు. 12.3 చూసి ఎవరూ ఉలిక్కిపడరు. 'ఈసారి వైండింగ్ బాలేదేమో' అని కారణం కూడా వెతికి పెడతారు. స్ప్రెడ్‌షీట్ తప్పుల్లో మొండివి ఇవే, మర్యాదగా కనిపించేవి.

పెద్దపెద్ద బ్యాంకులకే ఈ అనుభవం తప్పలేదు. 2012లో జేపీ మోర్గాన్ లండన్ ఆఫీసు లావాదేవీల్లో 600 కోట్ల డాలర్లకు పైగా పోయాయి. మరుసటేడు జనవరిలో బ్యాంకే బయటపెట్టిన నివేదిక చదివితే ముక్కున వేలేసుకోవాలి. రిస్కును కొలిచే నమూనా ఎక్సెల్ షీట్ల మీద నడిచేది. ఒక షీట్లోంచి ఇంకో షీట్లోకి అంకెల్ని మనుషులే కాపీ చేసి అతికించేవారు. ఒకచోట రెండు అంకెల సగటుతో భాగించాల్సింది, వాటి మొత్తంతో భాగించారు. దాంతో ఒడుదొడుకులు ఉన్నదానికంటే తక్కువగా కనిపించాయి. నష్టమంతా ఆ ఒక్క గడి పుణ్యమే అనలేం గానీ, ప్రమాదం చిన్నదిగా కనిపించడంలో దాని పాత్రా ఉంది.

తాడు కట్టాక కూడా...

ఫంక్షన్ పెట్టేశాం కదా అని నిద్రపోవడానికి లేదు. ఒకే ప్రాజెక్టులో అయిదు హార్స్‌పవర్ మోటారు డేటా, ఏడున్నర హార్స్‌పవర్ డేటా పక్కపక్కనే ఉంటాయి. పాత రిపోర్టును కాపీ చేసి పేరు మార్చినవాడు, లోపలి ఫంక్షన్ ఇంకా పాత మోటారు వైపే చూస్తోందన్న సంగతి మర్చిపోతాడు. డేటా ఏళ్లలో ఉంటే 2 అని అడగాలి. నెలల్లో ఉంటే 24 అని అడగాలి. సాఫ్ట్‌వేర్ ఏం అడిగితే అదే చెబుతుంది, 'ఇదేంటయ్యా' అనదు.

ఇంకో చిక్కు సరిగ్గా దీనికి తలకిందులు. మార్చిలో సంతకం పెట్టిన రిపోర్టును జూన్‌లో తెరిస్తే అంకెలు వాటంతటవే మారిపోయి ఉంటాయి. మారడం మంచిదే. కానీ మార్చిలో ఏం చూసి సంతకం పెట్టారో రుజువు కావాలి కదా! అందుకే జాగ్రత్తపరులు సంతకం రోజున తేదీ వేసి, మారని ప్రతి ఒకటి విడిగా దాస్తారు. కదిలేది ఒకటి, కదలనిది ఒకటి. రెండూ అవసరమే.

పాయింటు తర్వాత అంకెలతో కూడా జాగ్రత్త. అయిదారు మోటార్లు కాలిపోయిన డేటాతో '6.2' అని రాస్తే అదేదో తూకం వేసి చెప్పినట్టుంటుంది. ఇలాంటి ఫంక్షన్లు కనిష్ఠం, గరిష్ఠం హద్దులు కూడా ఇవ్వగలవు. అవి పెడితే రిపోర్టు అందం చెడుతుందని చాలామంది వదిలేస్తారు. వదలకూడదు.

ఇక తాడు అవతలి కొస సంగతి. మన్నిక లెక్కకు కాలిపోయిన మోటార్ల తేదీలే చాలవు. ఇంకా తిరుగుతున్నవెన్ని, అవి ఎన్నాళ్లుగా తిరుగుతున్నాయి అన్నదీ కావాలి. బతికున్నవాటిని వదిలేస్తే వస్తువు ఉన్నదానికంటే నాసిరకంగా తేలుతుంది. తిరుగుతున్నవని రాసినవి నిజంగా తిరుగుతున్నాయా అన్నదింకో ప్రశ్న. పల్లెల్లో మోటారు కాలితే రైతు చాలాసార్లు కంపెనీకి ఫోన్ చేయడు. నీళ్లు ఈ రాత్రికే కావాలి. మోటారును పైకి లాగి, ట్రాక్టర్ మీద వేసుకుని మండల కేంద్రంలో రివైండింగ్ షాపుకు పోతాడు. పొద్దున్నకు తీగ చుట్టించుకుని మళ్లీ బోరులో దించుతాడు. వారంటీ కార్డు ఇంట్లో దూలం సందునో, పెట్టెలోనో ఉండిపోతుంది. కంపెనీ కంప్యూటర్లో మాత్రం ఆ మోటారు ఎదురుగా ఇప్పటికీ 'పనిచేస్తోంది' అనే ఉంటుంది. ఫంక్షన్ రోజూ అక్కడికి వెళ్లి, ఆ మాటే పట్టుకొస్తుంది.