మీకు తెలుసా? తలగాయానికి బైకే అక్కర్లేదు

తలకు తీవ్ర గాయమైనవారు న్యూరోసర్జరీ లేని ఆసుపత్రిలోనే ఉండిపోతే మరణాలు ఎక్కువని ఇంగ్లండ్, వేల్స్‌ల ‘టార్న్’ అనే గాయాల రిజిస్ట్రీలోని 1989-2003 లెక్కలు తేల్చాయి. 2012 నాటికి ఇంగ్లండ్ అంతటా ట్రామా నెట్‌వర్కులు, అంటే తీవ్ర గాయాల చికిత్స కోసం ఆసుపత్రులను కలిపే ఏర్పాట్లు వచ్చాయి. తీవ్ర గాయమైతే అంబులెన్సు దగ్గరి ఆసుపత్రిని దాటేసి మరీ పెద్ద ట్రామా కేంద్రానికి పోతుంది.

అదే రిజిస్ట్రీ 2017లో ఇంకో సంగతి బయటపెట్టింది. వృద్ధులకు పెద్ద గాయాలు ఎక్కువగా అయ్యేది రోడ్డు మీద కాదు, 2 మీటర్ల లోపు ఎత్తు నుంచి పడటం వల్ల! అలా పడినవారిని అక్కడి ఆసుపత్రుల్లో మొదట చూసేది తరచూ జూనియర్ డాక్టరేనని కూడా తేలింది. బాత్రూంలో జారిపడ్డ తాతగారు ‘నాకేం కాలేదురా’ అంటూ టీ కూడా అడగొచ్చు. కానీ వయసుతో మెదడు కాస్త కుంచించుకుపోతుంది కాబట్టి, లోపల రక్తం చేరుతున్నా లక్షణాలు ఆలస్యంగా కనిపిస్తాయి. రక్తం పలచబరిచే మాత్రలు వాడేవారికైతే ముప్పు మరీ ఎక్కువ.