రసీదు పారేయకండి!

మీరు సికింద్రాబాదు స్టేషనులో రైలు దిగారనుకోండి. మరో రైలు సాయంత్రానికి గాని లేదు. అంతవరకూ పెట్టె మోయడమెందుకని క్లోక్‌రూములో ఉంచి, రసీదు తీసుకుంటారు. సాయంత్రం మీరు పెట్టె తీసుకుంటేనే ఆ అర మరొకరికి దక్కుతుంది. ఎవరూ తీసుకోకపోతే? కొన్నాళ్ళకు ఆ గదిలో కాలు పెట్టే చోటుండదు!

కంప్యూటరు మెమరీ సంగతీ అంతే.

మీ బడి కంప్యూటరులో మార్కుల ఫైలు ఉందనుకుందాం. హెడ్మాస్టరుగారు అందులో రాయవచ్చు. లెక్కల మాస్టారు చదవవచ్చు. మీరు మాత్రం తెరవకూడదు! ఎవరికి ఏ అనుమతి ఉందో తెలిపే పట్టికను 'యాక్సెస్ కంట్రోల్ లిస్టు', పొట్టిగా 'ఏసీఎల్' అంటారు. అది ఫైలుతోబాటు డిస్కులో ఉంటుంది.

1972 ప్రాంతంలో అమెరికాలోని బెల్ లేబొరేటరీలో డెనిస్ రిచీ సి భాషను రూపొందించాడు. లినక్సు కంప్యూటరులో సి ప్రోగ్రాము ఈ పట్టికను చూడాలంటే 'ఏసీఎల్_గెట్_ఫైల్' అనే ఫంక్షనును పిలుస్తుంది. అది పట్టికకు నకలు తీసి మెమరీలో ఉంచి, దాని జాడ తెలిపే పాయింటరును మనకిస్తుంది. పాయింటరే మన రసీదన్నమాట!

పని కాగానే ఆ పాయింటరును 'ఏసీఎల్_ఫ్రీ'కి అందించాలి. అప్పుడే చోటు ఖాళీ అవుతుంది. సి భాష తనంతట తాను ఖాళీ చేయదు సుమా!

మరచిపోతే ఏమవుతుంది? సెకనుకొకసారి పట్టిక చూసే ప్రోగ్రాము ప్రతిసారీ 200 బైట్లు వదిలేస్తోందనుకోండి. రోజుకు 86,400 సెకన్లు. అంటే ఒక్క రోజులో 1,72,80,000 బైట్లు! దీన్నే 'మెమరీ లీకు' అంటారు. ప్రోగ్రాము ముగిస్తే ఆపరేటింగ్ సిస్టం దాని మెమరీనంతా తిరిగి తీసుకుంటుంది. కనుక చిన్న ప్రోగ్రాములలో ఈ మరపు బయటపడదు. కాని 1994లో సికింద్రాబాదులో తొలిసారి ప్రవేశపెట్టిన రైల్వే రిజర్వేషను ప్రోగ్రాము 'కాన్సర్ట్' వంటివి గంటల తరబడి ఆగకుండా ఎందరికో పనిచేయాలి. అలాంటి ప్రోగ్రాములో లీకు ఉంటే, చివరకు మెమరీ చాలక ఆగిపోవచ్చు.

'అయ్యో, ఖాళీ చేస్తే ఫైలు అనుమతులు పోవా?' అని భయపడకండి. పోయేది నకలు మాత్రమే. డిస్కులోని అసలు పట్టిక చెక్కుచెదరదు. అయితే ఖాళీ చేసిన చోటును మళ్ళీ చదవకూడదు. అప్పటికే అక్కడ వేరొకరి 'పెట్టె' ఉండవచ్చు! ఒకే రసీదును రెండుసార్లు ఇవ్వనూ కూడదు.

ఇప్పుడొక ప్రశ్న. 'ఏసీఎల్_టు_టెక్స్ట్' అనే ఫంక్షను పట్టికను మనం చదివే అక్షరాలలోకి మారుస్తుంది. ఆ అక్షరాలకూ మెమరీలో వేరే చోటు కావాలి. 3 ఫైళ్ళ పట్టికలు తెచ్చి, మూడింటినీ అలా మార్చిన ప్రోగ్రాము 'ఏసీఎల్_ఫ్రీ'ని ఎన్నిసార్లు పిలవాలి?

3 అన్నారా? రసీదులు మళ్ళీ లెక్కపెట్టండి. 6!