విషం ఎంత లోనికి పోయింది?

ఆదోని చుట్టుపట్ల నల్లరేగడి పొలాలలో ప్రత్తి విరివిగా పండుతుంది. ప్రత్తి ఉన్నచోట పురుగుమందు వాడుక కూడా హెచ్చు. మందు చల్లుతూ ఒక రైతు పొలంలోనే పడి మరణించాడనుకొందాం. విషం చర్మం ద్వారా, ఊపిరి ద్వారా ఎక్కినదా? నోటి ద్వారా పోయినదా? ఇంటివారికి ప్రమాద పరిహారం దక్కుటయు, దక్కకపోవుటయు ఈ జవాబును బట్టియే ఉండవచ్చును.

1953 వరకు ఆదోని తాలూకా బళ్ళారి జిల్లాలోనిది. ఆ జిల్లాను పాలించిన మద్రాసులో 1849లోనే రసాయన పరీక్షకుని ప్రయోగశాల వెలసినది. ఆనాటి ముఖ్య ప్రశ్న విషం ఉన్నదా, లేదా అని. ‘ఎంత?’ అన్నది అంతకంటె చిక్కు ప్రశ్న.

ఎమ్మిగనూరు నేతగాండ్రకు అద్దకపు తొట్టి తెలియనిది కాదు. తొట్టిలోని నీరెంతో తెలిస్తే, గ్లాసెడు నీటిలోని రంగును కొలిచి, వేసిన రంగు ఎంతో చెప్పవచ్చును. స్వీడన్ శాస్త్రజ్ఞుడు విడ్మార్క్ 1932లో ప్రకటించిన ఆల్కహాలు లెక్క ఇటువంటిదే. పురుషుని శరీరంలో ఆల్కహాలుకు తొట్టి, బరువులో సుమారు 0.68 వంతు. 60 కిలోల మనిషి రక్తంలో లీటరుకు 1 గ్రాము ఉంటే, 60 × 0.68 × 1, అనగా దాదాపు 41 గ్రాములు అప్పుడు ఒంటిలో ఉన్నవి. అయితే ఇది చిల్లి తొట్టి. కాలేయం గంటగంటకు కొంత హరిస్తుంది. ఆ తరుగు లీటరుకు గంటకు 0.10 గ్రాము నుండి 0.25 గ్రాము వరకు ఉండవచ్చును. త్రాగి 4 గంటలైతే, త్రాగినది 57 గ్రాములు కావచ్చును, 82 కావచ్చును. కాలం తెలియనిచో ఈ మాత్రమూ చెప్పలేము.

పురుగుమందులతో చిక్కు మరింత పెద్దది. తొట్టిలో నూలు వేస్తే రంగు నూలుకు పట్టి నీరు పలచబడుతుంది గదా! అట్లే కొన్ని మందులు క్రొవ్వులో, కాలేయంలో చేరుతాయి. రక్తాన్ని మాత్రమే చూచిన వారికి మోతాదు తక్కువగా తోస్తుంది. మరణించిన పిదప నూలు రంగు దిగినట్లు, కొన్ని విషాలు ఆ అవయవాల నుండి గుండెలోని రక్తానికి ఊరుతాయి. అప్పుడు లెక్క ఎక్కువ చూపుతుంది. అందుచేతనే తొడ సిర నుండి రక్తం తీస్తారు. ఆల్కహాలు పరీక్షకైతే, సూక్ష్మజీవులు లెక్క చెడగొట్టకుండ సోడియం ఫ్లోరైడు కలుపుతారు.

ఆర్గనోఫాస్ఫరస్ మందులు కోలినెస్టరేజు అనే ఎంజైమును అణచివేస్తాయి. దాని తగ్గుదల విషప్రభావానికి సాక్ష్యం. మోతాదుకు కొలత కాదు. ఆరోగ్యవంతులలోనే అది మనిషికీ మనిషికీ తేడాగా ఉంటుంది.

ఇక జీర్ణాశయం. అక్కడ మందు ఎక్కువగా దొరికితే మ్రింగినదనుటకు గట్టి ఆధారం. కొద్దిపాటి జాడ చాలదు. ముక్కున, నోట పడిన తుంపరలు సైతం కడుపులోనికి చేరగలవు. దొరికినదైనా మిగిలినదే కాని మ్రింగినదంతా కాదు. వాంతిలో పోయినది, ఆసుపత్రిలో కడుపు కడిగినప్పుడు పోయినది అందులో చేరవు. కనుక జాగరూకుడైన పరీక్షకుడు ‘కనీసం ఇంత’ అని మాత్రమే వ్రాస్తాడు. ఆ రైతు తొడుక్కొన్న చొక్కాను, మందు డబ్బాను, పిచికారీలో మిగిలిన ద్రవాన్ని కూడా పంపవలసినదని కోరుతాడు.