మీకు తెలుసా? గడువు రాయకపోతే ఐదేళ్లే!

కథ కాగితం మీద పడగానే దాని కాపీరైట్ రచయితదే (ఉద్యోగంలో భాగంగా రాసినవి వేరు). రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాదు. చేయిస్తే కోర్టులో సాక్ష్యంగా అక్కరకొస్తుంది. అసలు చిక్కంతా హక్కులు రాసిచ్చేటప్పుడే. 1957 కాపీరైట్ చట్టం ప్రకారం నోటిమాటతో హక్కులు బదిలీ కావు. రాత, సంతకం ఉండాలి. ఒప్పందంలో గడువు చెప్పకపోతే ఐదేళ్లే చెల్లుతుంది, ప్రాంతం చెప్పకపోతే మన దేశం వరకే. అందుకే ‘సర్వహక్కులూ శాశ్వతంగా’ అన్న ముక్క ఎక్కడైనా ఇరికించారేమో వెతకండి, అది చిన్న అక్షరాల్లోనే దాక్కుంటుంది మరి! సినిమా పాటల రచయితలకు, సంగీత దర్శకులకు 2012 సవరణ మరో రక్షణ ఇచ్చింది. సినిమాహాలు బయట పాట వాడకంపై వచ్చే రాయల్టీలో వాళ్లకు సమాన వాటా ఉంటుంది. దాన్ని నిర్మాతకు వదిలేస్తున్నట్టు సంతకం పెట్టినా చెల్లదు.